నిద్ర లేవలేని డెస్క్‌టాప్: మరమ్మతు డైరీ

డిసెంబర్ 6, శనివారం

ముందు యంత్రం వివరాలు రాసిపెట్టుకుంటున్నాను. 2019లో విడిభాగాలు కొని కూర్పించిన డెస్క్‌టాప్. ఆరు కోర్ల ప్రాసెసర్, ఎనిమిదేసి జీబీల డీడీఆర్4 ర్యామ్ స్టిక్కులు రెండు, విడిగా గ్రాఫిక్స్ కార్డు, 500 జీబీ ఎస్ఎస్‌డీ, 450 వాట్ల పవర్ సప్లై. నడిచేది విండోస్ 11 మీద.

నా పని పుస్తకాలకు పేజీలు కట్టడం. ప్రస్తుతం చేతిలో ఉన్నది ఉగాదికి రావలసిన పంచాంగం. తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం అంటూ పేజీ నిండా గడులే. ఒకేసారి బోలెడు ఫైళ్లు తెరిచి ఉంటాయి. రాత్రి అన్నీ మూసి, పొద్దున్న మళ్లీ ఒక్కొక్కటే తెరిచి, ఏ గడి దగ్గర ఆగానో వెతుక్కోవడం నావల్ల కాదు. అందుకే షట్‌డౌన్ చేయను, స్లీప్‌లో పెట్టి పడుకుంటాను.

జబ్బు ఇది. పొద్దున్న వచ్చి కీబోర్డు మీద ఏదో ఒక మీట నొక్కుతాను. ఫ్యాన్లు తిరుగుతాయి, కీబోర్డు దీపాలు వెలుగుతాయి, మానిటర్ మాత్రం నల్లగానే ఉంటుంది. మూడు నాలుగు సెకన్లు అలా కొట్టుకుని టప్పున అంతా ఆరిపోతుంది. క్షణం ఆగి తనంతట తానే మళ్లీ మొదలై, మదర్‌బోర్డు గుర్తు చూపించి, విండోస్‌ను కొత్తగా ఎక్కిస్తుంది. తెరిచి ఉంచినవన్నీ గాలికి. విండోస్ కుప్పకూలినప్పుడు దోషం సంఖ్యతో వచ్చే నీలి తెర రాదు, బీప్ శబ్దం ఉండదు. పోనీ రోజూ ఇలాగే చేస్తుందా అంటే అదీ కాదు. వరసగా కొన్నాళ్లు బుద్ధిగా లేస్తుంది, తర్వాత ఓ రోజు పడిపోతుంది. రోజూ వచ్చే జబ్బుకు మందు వెతకడం సులువు, వచ్చీ రానట్టుండేదే చంపుతుంది.

విండోస్ తన సంఘటనలన్నీ నమోదు చేసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే అందులో కెర్నల్-పవర్ 41 కనిపించింది. దీన్ని చూసి చాలామంది కంగారుపడతారు గానీ, అది కారణం చెప్పే నమోదు కాదు. 'పోయినసారి నన్ను పద్ధతిగా ఆపలేదు' అని విండోస్ తర్వాత లేచి రాసుకునే ఫిర్యాదు, అంతే. చూడవలసింది దాని వివరాల్లో ఉండే బగ్‌చెక్ కోడ్. నీలి తెర వచ్చి ఉంటే అక్కడ దాని సంఖ్య ఉంటుంది. నాకు సున్నా ఉంది. కుప్పకూలినప్పటి మెమరీ నకళ్లు (డంపులు) దాచే మినీడంప్ ఫోల్డరు కూడా ఖాళీ. అంటే విండోస్ తన చావుకబురు రాసుకునే వ్యవధి కూడా లేకుండా పోయింది.

మామూలుగా లేచిన రోజుల నమోదులు పక్కన పెట్టి పోల్చాను. ఆ రోజుల్లో వరస ఇలా ఉంది: 42, అంటే నిద్రలోకి వెళుతున్నాను, 107, నిద్ర నుంచి లేచాను, ఆ వెంటనే పవర్-ట్రబుల్‌షూటర్ 1, ఎవరు లేపారో చెప్పేది. పడిపోయిన రోజుల్లో 42 తర్వాత నేరుగా 41. మధ్యలో 107 లేదు. దీన్నిబట్టి విండోస్ చేతికి పగ్గాలు రాకముందే యంత్రం పోయిందని తేల్చేయడం తొందరపాటు అవుతుంది. పగ్గాలు వచ్చినా, ఆ నమోదు డిస్కుకు చేరేలోపు పోయి ఉండవచ్చు.

డిసెంబర్ 7, ఆదివారం

మా మేనల్లుడు ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు. ఫోనులో లక్షణాలు చెప్పగానే, "మామయ్యా, డ్రైవర్లన్నీ అప్‌డేట్ చెయ్యి, బయాస్ అప్‌డేట్ చెయ్యి, ర్యామ్ తీసి తుడిచి పెట్టు, ఫాస్ట్ స్టార్టప్ తీసెయ్యి, అప్పటికీ తగ్గకపోతే ఫార్మాట్ కొట్టు" అన్నాడు. బయాస్ అంటే విండోస్ కంటే ముందు లేచి యంత్రాన్ని మొదలుపెట్టే, మదర్‌బోర్డులో ఉండే ప్రోగ్రాము. ఇవన్నీ ఒకేసారి చేస్తే బాగుపడవచ్చు కూడా. కానీ దేనివల్ల బాగుపడిందో తెలియదు, మళ్లీ వస్తే మళ్లీ మొదటికే. పైగా ఫాస్ట్ స్టార్టప్‌కు ఈ జబ్బుతో సంబంధమే లేదు. అది షట్‌డౌన్ చేసి మళ్లీ వేసినప్పుడు పనిచేసే ఏర్పాటు, స్లీప్ జోలికి రాదు. అయినా స్లీప్ గురించి ఎవరిని అడిగినా మొదట చెప్పే వైద్యం అదే.

ముందు తేల్చుకోవలసింది యంత్రం ఏ ఘట్టంలో పడిపోతోందన్నది. నిద్రలోకి వెళ్లేటప్పుడా, నిద్రలో ఉండగానా, లేచేటప్పుడా? మూడింటికీ కారణాలు వేరు.

పవర్‌సీఎఫ్‌జీ ఆదేశానికి స్లాష్ ఏ తగిలించి చూస్తే నా యంత్రంలో ఉన్నది ఎస్3 నిద్ర అని చెప్పింది. ఏసీపీఐ ప్రమాణంలో, అంటే 1996లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి తెచ్చిన విద్యుత్ నిర్వహణ పద్ధతిలో, ఇది మూడో మెట్టు. ఎస్3లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, డిస్కు, ఫ్యాన్లు అన్నీ ఆరిపోతాయి. ర్యామ్ ఒక్కటే బతికి ఉంటుంది. డీడీఆర్4 ర్యామ్‌లో ప్రతి బిట్టూ ఒక చిన్న కెపాసిటర్‌లో దాచిన విద్యుదావేశం. చిల్లికుండలో నీళ్లలాగా అది కారిపోతూనే ఉంటుంది కాబట్టి 64 మిల్లీసెకన్లకు ఒకసారైనా ప్రతి వరుసనూ చదివి తిరిగి నింపాలి. నిద్రలో ఆ పని ర్యామ్ తనే చేసుకుంటుంది. అందుకు నిరంతరం కొద్దిపాటి కరెంటు అందుతూ ఉండాలి.

అందుకే మొదటి అనుమానం కరెంటు మీదికి పోయింది. రాత్రి ఓ క్షణం పోయి వస్తే ర్యామ్ ఖాళీ. కంప్యూటర్‌కు యూపీఎస్ ఉంది, కానీ దాని బ్యాటరీ పాతది. అదృష్టవశాత్తూ ఎస్3లో ఉన్నంతసేపూ కేబినెట్ ముందున్న పవర్ దీపం మెల్లగా మినుకుమినుకుమంటుంది. రాత్రి కరెంటు పోయి ఉంటే పొద్దునకి ఆ దీపం ఆరి ఉండాలి, లేదా యంత్రం తనంతట తాను మొదలై ఉండాలి. పడిపోయిన రోజుల్లో కూడా నేను మీట నొక్కేవరకూ దీపం మినుకుమంటూనే ఉంది. కనుక పడిపోయేది లేచేటప్పుడే.

ఇంకో పని కూడా ఇవాళే చేశాను. ఎస్ఎస్‌డీలో జాగా కోసం ఎప్పుడో హైబర్నేషన్ (ర్యామ్‌లోనిది డిస్కు మీద రాసి యంత్రం పూర్తిగా ఆరిపోయే పద్ధతి) తీసేసి ఉంది. దాన్ని తిరిగి పెట్టి హైబ్రిడ్ స్లీప్ ఆన్ చేశాను. ఇందులో నిద్రపోయే ముందు ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కు మీద కూడా ఒక ప్రతి రాసుకుంటుంది. ర్యామ్ చెదిరిపోయినా డిస్కు నుంచి పని తిరిగి వస్తుంది. జబ్బు నయం కాదు గానీ పంచాంగం పేజీలు భద్రం. ఉన్న పని పోకుండా చూసుకున్నాకే పరీక్షలు.

డిసెంబర్ 10, బుధవారం

సాఫ్ట్‌వేర్ వైపు చూసింది క్లుప్తంగా. చిప్‌సెట్ డ్రైవరు కొత్తది వేశాను. రెండు రాత్రులు చూశాక గ్రాఫిక్స్ డ్రైవరును పూర్తిగా తీసి మళ్లీ ఎక్కించాను. పవర్ ప్లానులో పీసీఐ ఎక్స్‌ప్రెస్ లింక్ పొదుపును ఆపాను. ఈ పొద్దున్న మళ్లీ పడిపోయింది.

నాకు మొదటి నుంచీ డ్రైవర్ల మీద పెద్ద అనుమానం లేదు. నిద్ర లేచేటప్పుడు ఏదైనా డ్రైవరు మొండికేస్తే విండోస్ చాలాసేపు ఎదురుచూసి, 9ఎఫ్ సంఖ్యతో నీలి తెర వేసి, డంప్ రాసి మరీ చస్తుంది. దాని పేరే 'డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్'. ఇక్కడ మూడు నాలుగు సెకన్లలో కథ ముగుస్తోంది.

డిసెంబర్ 13, శనివారం

ఇవాళ రోజంతా దీనికే. విండోస్ దోషమా, యంత్రం దోషమా అన్నది తేలాలంటే విండోస్‌ను అసలు రంగంలోంచి తప్పించాలి. బీరువాలో పడి ఉన్న పాత 120 జీబీ ఎస్ఎస్‌డీ తీసి దాని మీద ఉబుంటు (విండోస్‌కు బదులు వాడే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించాను. విండోస్ ఉన్న డిస్కు తీగలు పీకేశాను. డిస్కు మీద ఎక్కించకుండా పెన్‌డ్రైవు నుంచే నడిపే లైవ్ యూఎస్‌బీతో కూడా చేయవచ్చు గానీ, నిద్రలో యూఎస్‌బీ పరికరం కాసేపు కనబడకుండా పోతే వ్యవస్థ కాళ్ల కింద నేల జారిపోతుంది. అప్పుడు ఏది దేనివల్ల పడిందో ఇంకో చిక్కు.

లినక్స్‌లో నాకు బాగా నచ్చింది, నిద్రను ముక్కలు ముక్కలుగా పరీక్షించే వీలు. సిస్ డైరెక్టరీ కింద, పవర్ అనే ఫోల్డరులో పీఎం-టెస్ట్ అని ఒక ఫైలు ఉంటుంది. అందులో ఏ మాట రాస్తే అంతవరకే వెళ్లి, ఐదు సెకన్లు ఆగి, వెనక్కి వస్తుంది. 'ఫ్రీజర్' అని రాస్తే నడుస్తున్న ప్రోగ్రాములను గడ్డకట్టించి మళ్లీ కదిలిస్తుంది. 'డివైసెస్' అంటే డ్రైవర్లన్నిటినీ నిద్రపుచ్చి లేపుతుంది. ఆ తర్వాత 'ప్లాట్‌ఫామ్', 'ప్రాసెసర్స్', చివర 'కోర్'. ఇవేవీ నిజంగా కరెంటు తీసేయవు. నిద్రకు ముందు ఆపరేటింగ్ సిస్టమ్ చేయవలసిన పనంతా చేయించి, గుమ్మం దాకా తీసుకెళ్లి వెనక్కి తెస్తాయి.

ఐదు మెట్లూ ఒక్కొక్కటిగా ఎక్కించాను. అన్నిటిలోంచీ క్షేమంగా తిరిగి వచ్చింది.

తర్వాత నిజమైన నిద్ర. మెమ్-స్లీప్ ఫైలులో 'డీప్' (ఎస్3 నిద్రకు లినక్స్ పేరు) ఎంపికై ఉందని చూసుకుని, ఆర్‌టీసీవేక్ ఆదేశంతో 60 సెకన్ల అలారం పెట్టి నిద్రపుచ్చాను. లేచింది. అదే ఆదేశాన్ని చిన్న స్క్రిప్టులో చుట్టి, లేచిన వెంటనే కాస్త ఆగి మళ్లీ పడుకునేలా వదిలేసి భోజనానికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి నిద్రపోతూ లేస్తూ ఉంది, ఒక్క తప్పు లేదు. ఇంత చక్కగా నడిచే యంత్రాన్ని చూస్తే చిరాకు వేసింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లగానే జ్వరం తగ్గిపోయే పిల్లాడి వ్యవహారం.

అలారం పొద్దున్న ఆరింటికి పెట్టి ఉబుంటులోనే నిద్రపుచ్చాను.

డిసెంబర్ 14, ఆదివారం

ఆరింటికి బల్ల దగ్గరే ఉన్నాను. ఫ్యాన్లు తిరిగాయి, తెర నల్లగా, నాలుగు సెకన్లు, టప్. మళ్లీ మొదలు.

అంటే విండోస్‌కు ఇందులో పాత్ర లేదు. డ్రైవర్లకూ లేదు, నిన్న ఐదు మెట్లూ ఎక్కి దిగాయి. విండోస్ డిస్కుకూ లేదు, దాని తీగలు పీకే ఉన్నాయి. ఇంకో విషయం కూడా దొరికింది: నిమిషం నిద్రయితే ఎన్నిసార్లయినా లేస్తుంది, రాత్రంతా పడుకున్నాకే పడిపోతుంది. ఇన్నాళ్లూ 'వచ్చీ రానట్టు' అనుకున్నది నిద్ర నిడివితో ముడిపడి ఉన్నట్టుంది. పొద్దున్న తొమ్మిదికి నిద్రపుచ్చి పదకొండింటికి లేపితే లేచింది.

ఫార్మాట్ కొట్టి ఉంటే ఈ ఆదివారమంతా ఫాంట్లు ఎక్కించుకుంటూ కూర్చునేవాణ్ని.

డిసెంబర్ 18, గురువారం

ర్యామ్ వంతు. ఎస్3 గొడవల్లో ర్యామ్‌ను అనుమానించడానికి గట్టి కారణమే ఉంది. మామూలుగా ఆన్ చేసినప్పుడు బయాస్ ర్యామ్‌ను పరీక్షించి, ఏ సంకేతం ఎంత ఆలస్యంగా పంపాలో కొలుచుకుని సరిపెట్టుకుంటుంది. దాన్ని ట్రెయినింగ్ అంటారు. ఎస్3 నుంచి లేచేటప్పుడు ఆ తతంగం మొత్తం చేస్తే ర్యామ్‌లో దాచినది చెరిగిపోతుంది. అందుకే పాత కొలతలనే తిరిగి వాడుతుంది. వేగం అంచుల దాకా పెంచుకుని నడుపుతున్న ర్యామ్ అయితే ఆ కొలతలు సరిపోక తడబడవచ్చు. నా ర్యామ్ ఎక్స్‌ఎంపీ, అంటే తయారీదారు ముందే రాసి ఉంచిన అధిక వేగపు అమరికతో 3200 వేగంలో, 1.35 వోల్టుల మీద నడుస్తోంది. డీడీఆర్4కు ప్రమాణం 1.2 వోల్టులే.

ఎక్స్‌ఎంపీ తీసేసి 2133కు దించాను. మర్నాడు పొద్దున్న పడిపోయింది. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ రాత్రంతా తిప్పాను, ఒక్క ఎర్ర గీత లేదు. ఒక స్టిక్ తీసి రెండోదానితో, తర్వాత దీన్ని పెట్టి దానితో చూశాను. ఒక్కొక్కదానితోనూ పొద్దున పడిపోయింది. రెండు స్టిక్కులూ ఒకేలా చెడిపోయి ఉండటం నమ్మశక్యంగా లేదు.

మదర్‌బోర్డు మీది నాణెంలాంటి సీఆర్2032 బ్యాటరీ కూడా కొలిచాను, 3.02 వోల్టులు. బాగుంది.

బయాస్ అప్‌డేట్ మాత్రం చేయలేదు. తయారీదారు సైటులో కొత్తది ఉంది, మేనల్లుడు రోజూ గుర్తుచేస్తున్నాడు. కానీ నా అనుమానం ఇప్పుడు కరెంటు సరఫరా వైపు జరుగుతోంది. సరఫరా మీద నమ్మకం లేని యంత్రంలో బయాస్ రాయించడం, రాస్తుండగా అది ఆరిపోతే బోర్డుకే ఎసరు.

డిసెంబర్ 21, ఆదివారం

రోజూ ఒక కాగితం మీద రాస్తున్నాను: ఎన్నింటికి పడుకుంది, ఎన్నింటికి లేపాను, లేచిందా, ఆ సమయంలో ఏమేమి తగిలించి ఉన్నాయి. ఆఖరి గడి ఊరికే పెట్టాను. ఇవాళ తీరిగ్గా కూర్చుని చూస్తే ఆ గడే మాట్లాడింది. పడిపోయిన పొద్దుల్లో ఎక్కువ భాగం, నా ఫోను రాత్రంతా కేబినెట్ ముందు యూఎస్‌బీకి తగిలించి ఉంది. గోడకు పెట్టే ఛార్జరును మా అమ్మాయి పట్టుకుపోయిన రాత్రులవి.

నిద్రలో ఉన్న యంత్రం ఫోనుకు కరెంటు ఎక్కడి నుంచి ఇస్తోంది? ఇక్కడి నుంచే దారి తెరుచుకుంది.

డెస్క్‌టాప్ పవర్ సప్లైలో నిజానికి రెండు సరఫరాలు ఉంటాయి. 12, 5, 3.3 వోల్టులు ఇచ్చే పెద్దది ఒకటి. దాని పక్కనే ఎప్పుడూ ఆగకుండా నడిచే చిన్నది ఇంకొకటి, 5 వోల్టుల స్టాండ్‌బై. మదర్‌బోర్డుకు వెళ్లే 24 పిన్నుల కట్టలో తొమ్మిదో పిన్ను, ఊదా రంగు తీగ. గోడ దగ్గర స్విచ్ వేసి ఉంటే చాలు, కంప్యూటర్ ఆపి ఉన్నా ఇది నడుస్తూనే ఉంటుంది. మామూలు సప్లైల్లో దీని సత్తువ రెండు మూడు ఆంపియర్లు మించదు. ఎస్3 నిద్రలో ర్యామ్‌ను బతికించేది, మీట నొక్కితే వినేది, మినుకుమినుకు దీపం, యూఎస్‌బీకి తగిలించిన ఫోను, అన్నిటి భారమూ దీని మీదే.

మీట నొక్కగానే జరిగేది ఇది. బోర్డు ఆకుపచ్చ తీగను గ్రౌండుకు, అంటే సున్నా వోల్టులకు లాగుతుంది. అదే పెద్ద సరఫరాకు పిలుపు. వోల్టేజీలు నిలదొక్కుకున్నాక, 100 నుంచి 500 మిల్లీసెకన్ల లోపు, సప్లై బూడిదరంగు తీగ మీద 'అంతా సిద్ధం' అని సంకేతం ఇస్తుంది. ర్యామ్‌కు వెళ్లే దారి అప్పటిదాకా స్టాండ్‌బై మీద ఉండి, అక్కడి నుంచి పెద్ద 5 వోల్టుల మీదికి మారుతుంది. ఆ చేతులు మారే వేళ స్టాండ్‌బై ఒక్కసారి కుంగినా ర్యామ్‌లో కొన్ని బిట్లు చెడతాయి. చెడిన ర్యామ్‌తో లేచిన వ్యవస్థ రెండడుగులు కూడా వేయలేదు. మామూలుగా ఆన్ చేసేటప్పుడు ఈ కుంగుబాటు ఉన్నా పట్టదు, ఎందుకంటే అప్పుడు ర్యామ్‌లో కాపాడవలసింది ఏమీ ఉండదు. పగలంతా గంటల తరబడి పేజీలు కట్టినా యంత్రం ఒక్కసారి కూడా తొణకకపోవడానికి కారణం ఇదే అయి ఉండాలి.

డిసెంబర్ 23, మంగళవారం

మల్టీమీటర్ తీశాను. కేబినెట్ పక్క తలుపు విప్పి, 24 పిన్నుల కనెక్టరును పీకకుండానే, వెనక వైపు నుంచి ఊదా తీగ పక్కన ఉన్న సందులోకి ఎర్ర సూదిని దూర్చాను. నల్ల సూది ఒక నల్ల తీగలోకి. సూది మొన పక్క పిన్నుకు తగిలితే షార్టవుతుంది కాబట్టి మొన చివర మాత్రమే వదిలి మిగతాదానికి ఇన్సులేషన్ టేపు చుట్టాను. చేయి వణకకుండా పట్టుకోవడానికి మోకాలి మీద మోచేయి ఆనించుకోవలసి వచ్చింది.

ప్రమాణం ప్రకారం ఊదా తీగ మీద 5 వోల్టులకు అటూ ఇటూ ఐదు శాతం ఉండవచ్చు, అంటే 4.75 నుంచి 5.25 దాకా. కంప్యూటర్ ఆపి ఉండగా 4.93. స్లీప్‌లో పెట్టగానే 4.81. ఫోను తగిలించాను, 4.62. ఫోను తీస్తే మళ్లీ 4.81. నా మీటరుకు కనిష్ఠాన్ని పట్టి ఉంచే మీట ఉంది. అది నొక్కి, ఫోను తగిలించే ఉంచి, యంత్రాన్ని లేపాను. లేచింది గానీ మీటరు పట్టుకున్న కనిష్ఠం 4.3 దగ్గర ఉంది.

ఈ మీటరు నిదానమైనది. మిల్లీసెకన్లలో జరిగే కుంగుబాటు దీనికి కనపడదు. కనపడినదే 4.3 అయితే, కనపడనిది ఇంకా ఎంత కిందికి పోయిందో. ఆసిలోస్కోపు ఉంటే ఆ గుంత లోతు, దాని మీది అలలు కళ్లకు కట్టేవి. సగటున 4.6 ఉన్నంత మాత్రాన ర్యామ్ చావదు. దాని నుంచి ర్యామ్‌కు కావలసిన వోల్టేజీకి దించి ఇచ్చే రెగ్యులేటరు బోర్డు మీదే ఉంటుంది, కాస్త తక్కువ ఇచ్చినా సర్దుకుంటుంది. చంపేది ఆ క్షణికమైన గుంతే.

రాత్రంతా పడుకున్నాకే ఎందుకు? సప్లై లోపలి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ముసలివైతే లోపలి ద్రవం ఎండిపోయి వాటి అంతర్గత నిరోధం పెరుగుతుంది. చల్లబడితే ఆ నిరోధం ఇంకా ఎక్కువవుతుంది. పగలు వేడెక్కి ఉన్న సప్లైని నిమిషం పడుకోబెట్టి లేపితే అది వెచ్చగానే ఉంటుంది. డిసెంబరు రాత్రి ఏడెనిమిది గంటలు, ఫ్యాను కూడా ఆగి, చల్లబడిపోయాక లేపడం వేరు. మొన్న వేసవిలో ఈ గొడవే లేకపోవడం ఇప్పుడు అర్థమవుతోంది.

డిసెంబర్ 28, ఆదివారం

అనుమానం ఎంత బలంగా ఉన్నా కొత్తది కొనే ముందు మార్చి చూడాలి. మిత్రుడి దగ్గర వాడకంలో లేని యంత్రంలోంచి పవర్ సప్లై అరువు తెచ్చాను. అరువు సప్లై అమర్చేటప్పుడు ఒక జాగ్రత్త: మాడ్యులర్ రకమైతే, అంటే తీగలు సప్లై నుంచి ఊడదీయగలిగేదైతే, దాని తీగలు దానికే వాడాలి. సప్లై వైపు పిన్నుల అమరిక ఒక్కో తయారీదారుకు ఒక్కోలా ఉంటుంది. పాత తీగలు చక్కగా దూరుతాయి, దూరిన పాపానికి డిస్కును కాల్చేస్తాయి.

ఎక్స్‌ఎంపీ తిరిగి 3200కు పెట్టాను. రెండు స్టిక్కులూ పెట్టాను. ఫోను కావాలనే రోజూ ముందు యూఎస్‌బీకి తగిలించి పడుకున్నాను. ప్రతి పొద్దునా లేచింది. ఊదా తీగ మీద, ఫోనుతో సహా, 5.01.

ఇక్కడితో ఆపితే సగం రుజువే. తీగలు కదిలించి మళ్లీ దిగేయడంవల్ల ఎక్కడో వదులుగా ఉన్నది బిగిసి బాగుపడి ఉండవచ్చు కదా. అందుకని మొన్న రాత్రి పాత సప్లైని మళ్లీ బిగించి, అవే అమరికలతో, అదే ఫోనుతో పడుకోబెట్టాను. నిన్న పొద్దున్న నల్ల తెర, నాలుగు సెకన్లు, టప్. ఇన్నాళ్లూ తిట్టుకున్న ఆ శబ్దం నిన్న మాత్రం వినసొంపుగా ఉంది.

జనవరి 3, శనివారం

కొత్త సప్లై వచ్చింది. 550 వాట్లు, ఐదేళ్ల వారంటీ. వాట్లు పెంచింది అవసరమై కాదు, ఆ ధరలో మంచివి అక్కడి నుంచే మొదలయ్యాయి. కొనేటప్పుడు చూసుకున్నది లోపలి కెపాసిటర్లు 105 డిగ్రీల రకమా, 85 డిగ్రీల రకమా అన్నది. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ పనిచేసే వేడి పది డిగ్రీలు తగ్గితే దాని ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందని ఎలక్ట్రానిక్స్ వాళ్ల మోటు లెక్క. ఆ లెక్కన ఇరవై డిగ్రీల తేడా చిన్నది కాదు.

పాతదాన్ని బజారులో మరమ్మతు చేసే ఆయన దగ్గరికి పట్టుకెళ్లాను. దాన్ని నేను విప్పలేదు, విప్పను కూడా. మన 230 వోల్టుల కరెంటును లోపల డీసీగా మార్చినప్పుడు పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉంటుంది. ప్లగ్గు పీకినా కాసేపు అది అక్కడే ఉంటుంది. ఆయన మూత విప్పి, ముందు ఆ పెద్ద కెపాసిటర్ కాళ్ల మధ్య ఒక రెసిస్టర్ ఆనించి ఖాళీ చేసి, మీటరుతో సరిచూసుకున్నాకే చేయి పెట్టారు. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు అంత నిదానంగా ఉంటే చూడముచ్చటేసింది.

"ఇదిగో సార్, మీ దొంగలు" అంటూ టార్చి వేసి చూపించారు. అల్యూమినియం హీట్‌సింక్‌కు ఆనుకుని, చిటికెన వేలి చివర అంత లావున రెండు కెపాసిటర్లు. బాగున్నవాటి నెత్తి మీది గాటు బల్లపరుపుగా ఉంటుంది. వీటి నెత్తులు బొడిపెలా ఉబికాయి, ఒకదాని గాటు దగ్గర గోధుమరంగు పొడి కట్టింది. అవి ఉన్నది సరిగ్గా స్టాండ్‌బై భాగంలో. కెపాసిటర్ అంతర్గత నిరోధాన్ని కొలిచే ఈఎస్ఆర్ మీటరు పెడితే ఒకటి ముల్లును అటు చివరికి తోసేసింది. మిగిలిన పెద్దవి, 12 వోల్టుల వైపువి, ఏమీ కాలేదు.

"పెద్దవి మీరు పని చేసుకున్నప్పుడే పని చేస్తాయి సార్. ఇవి మాత్రం రాత్రీ పగలూ డ్యూటీలోనే ఉంటాయి. ముందు పోయేవి ఇవే" అన్నారు. కొన్నప్పటి నుంచీ గోడ స్విచ్ ఎప్పుడూ ఆపింది లేదు. పక్కనే వేడి హీట్‌సింక్. ఆయన రెండూ మార్చి ఇస్తానన్నారు, ఖర్చు ఒక పూట భోజనమంత కూడా కాదు. మార్పించాను. దాన్ని పంచాంగం యంత్రానికి మాత్రం వాడను. ప్రయోగాలకు, పాత డిస్కులు పరీక్షించుకోవడానికి పనికొస్తుంది.

జనవరి 10, శనివారం

వారమంతా లేచింది. ఊదా తీగ నిద్రలో 5.04, ఫోను తగిలిస్తే 5.02. సరఫరా కుదుటపడింది కాబట్టి బయాస్ అప్‌డేట్ ఇప్పుడు చేశాను, మేనల్లుడికి తృప్తి. హైబ్రిడ్ స్లీప్ అలాగే ఉంచాను. యూపీఎస్ బ్యాటరీ పాతదే కదా.

మిగిలింది ఒక చిన్న తగాదా. ఇప్పుడు ఎంత చక్కగా లేస్తోందంటే, ఎవరూ లేపకుండానే అర్ధరాత్రి లేచి కూర్చుంటోంది. పవర్‌సీఎఫ్‌జీకి లాస్ట్‌వేక్ తగిలించి అడిగితే నెట్‌వర్క్ కార్డు పేరు చెప్పింది. డివైస్ మేనేజర్‌లో దాని పవర్ పేజీకి వెళ్లి 'మ్యాజిక్ ప్యాకెట్ (కంప్యూటర్‌ను లేపడానికే నెట్‌వర్క్ మీద పంపే ప్రత్యేక సందేశం) వస్తేనే లేపు' అన్న గడికి టిక్కు పెట్టాను. వేక్‌టైమర్స్ అని అడిగితే విండోస్ అప్‌డేట్ కూడా ఒక అలారం పెట్టుకుని ఉంది. పవర్ ప్లానులో వేక్ టైమర్లను ఆపేశాను. బల్ల తుడిచినప్పుడల్లా లేపేస్తున్న మౌసుకు కూడా ఆ హక్కు తీసేశాను. ఆ మ్యాజిక్ ప్యాకెట్ సంగతి పక్కన పెడితే, బల్ల మీదివాటిలో ఇక కీబోర్డు ఒక్కటే లేపగలదు. ఈ రాత్రి చూడాలి.